ఒంగోలు పెయ్యకు ఆరు చన్నులు, తల్లికి లావు చన్నులు: ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది టంగుటూరు దగ్గర పల్లె. ఒంగోలు ఆవులు నాలుగున్నాయి, పాలు పిండం, దూడల కోసమే మేపుతాం. రెండు నెలల పెయ్యదూడకు వెనక చన్నుల వెనుక ఇంకో రెండు చిన్నవి ఉన్నాయి. దారం బిగించి కడితే రాలిపోతాయంటున్నారు, కట్టొచ్చా? దాని తల్లికి ఈ మూడో ఈతలో ముందు చన్నులు బాగా లావెక్కాయి, మొదటి రోజు దూడ నోటికి పట్టక సీసాతో పట్టించాం. వీటిని ఉంచుకోవాలా, అమ్మేయాలా?

జవాబు: దారం మాత్రం కట్టకండి. రబ్బరు బ్యాండు కూడా వద్దు. చన్ను కుళ్లి ఊడే లోపు పుండు పడుతుంది, ఈగలు వాలి పురుగులు పడితే పెయ్య పొదుగే పాడవుతుంది.

అదనపు చన్నులు ఆవుల్లో చాలా మామూలు. ఎక్కువగా మీ పెయ్యకు ఉన్నట్టు వెనకే వస్తాయి, కొన్నిటికి ముందు చన్నుకూ వెనక చన్నుకూ మధ్యలో వస్తాయి, ఎప్పుడో ఒకసారి అసలు చన్నుకే అతుక్కుని పుడతాయి. పాలు పిండే ఆవుకైతే అడ్డం కాబట్టి చిన్నప్పుడే తీసేయిస్తారు. మీలా దూడకు వదిలే ఆవుకు అంత అవసరం లేదు, కాకపోతే ఆ అదనపు చన్నుకు విడిగా పాలగ్రంథి ఉంటే ఈనాక పాలు చిమ్ముతూ పొదుగువాపుకు దారి ఇవ్వొచ్చు. తీయించాలనుకుంటే మూడు నెలలు దాటకముందే, ఈగలు తక్కువగా ఉన్న రోజుల్లో పశువైద్యుడి చేత తీయించండి, రెండు నిమిషాల పని. దూడను పక్కకు పడుకోబెట్టి పొదుగు తుడిచి చూస్తే అసలు నాలుగు చన్నులు చదరంగా, సమాన దూరంలో కనిపిస్తాయి, అదనపువి సన్నగా, పొట్టిగా ఉంటాయి. ఏది అసలుదో ఏది కాదో రవ్వంత అనుమానమున్నా కత్తెర పెట్టనివ్వకండి, పొరపాటున అసలుది పోతే ఆ భాగం జన్మంతా పనికిరాదు. అసలు చన్నుకు అతుక్కున్నదైతే అసలు ముట్టుకోవద్దు, డాక్టరు చూసి చెప్పాలి.

నాకు బెంగంతా తల్లి గురించే.

ఆవుల్లో మాయ ద్వారా దూడకు రోగనిరోధక శక్తి అందదు, ముర్రుపాలతోనే రావాలి. దూడ పేగు దాన్ని పీల్చుకునే శక్తి గంటగంటకూ తగ్గి ఒక రోజు గడిచేసరికి దాదాపు పోతుంది. పుట్టినప్పుడు పాతిక కిలోలున్న దూడకు రెండున్నర లీటర్లు కావాలి, అందులో సగమైనా మొదటి రెండు గంటల్లో పడాలి. మీరు దగ్గరుండి సీసాతో పట్టించారు కాబట్టి సరిపోయింది, రాత్రి దొడ్లో ఈనితే? దూడ లేచి తల్లి పొట్ట కింద పైపైన వెతుకుతుంది, పొదుగు జారి చన్నులు మోకాళ్ల కిందికి వేలాడుతుంటే దానికి దొరకనే దొరకవు. దొరికినా సీసాలా ఉబ్బిన చన్ను నోట్లో పట్టదు. వచ్చే ఈతలో దూడ పుట్టగానే ఆ చన్నుల్లోంచి కొంచెం పాలు పిండి మెత్తబరిచి, దూడ మూతిని మీరే అందించండి, పట్టకపోతే ఆలస్యం చేయకుండా పిండి పట్టించండి. ఈతలు పెరిగేకొద్దీ ఈ లావు పెరుగుతుందే గానీ తగ్గదు.

అమెరికాలో మాంసం కోసం ఆవులు పెంచే రైతులు ఈనిన 24 గంటల్లోపే పొదుగు బిగువుకు, చన్ను సైజుకు విడివిడిగా 1 నుంచి 9 దాకా మార్కులు వేసి పుస్తకంలో రాసుకుంటారు, 9 అంటే పొదుగు బాగా బిగువు, చన్ను చాలా చిన్నది. మన ఒంగోలు జాతి నుంచే బ్రెజిల్‌లో నెలోర్ జాతి పెరిగింది, అక్కడ వందల ఆవులు బీళ్లలో వాటంతటవే ఈనుతుంటే దూడకు చన్ను అందించేవాళ్లు ఎవరుంటారు? అందుకే పొదుగు చూసే ఆవును ఉంచుతారు. మీరు కూడా నాలుగు ఆవులకూ ఈనిన రోజునే చూసి రాసిపెట్టుకోండి, నెల తర్వాత చూస్తే దూడ తాగేసి పొదుగు చిన్నగా, చన్ను సన్నగా కనిపించి మోసపోతారు.

ఇక అమ్మకం సంగతి. తల్లిని తొందరపడి అమ్మొద్దు, ఈనే రోజుల్లో ఇంట్లో ఒకరు కాపలా ఉండగలిగితే ఇంకో ఈత చూడండి, అప్పుడూ ఇదే తంతు అయితే తీసేయండి. పెయ్యను ఉంచుకోండి. అయితే పొదుగు లక్షణాలు, అదనపు చన్నులు రెండూ వంశంలో వచ్చేవే, కాబట్టి ఈ తల్లికి కోడెదూడ పుడితే ఎంత అందంగా ఉన్నా, మూపురం ఎంత గంభీరంగా ఉన్నా విత్తనానికి వదలకండి, ఒక్క ఆబోతు ఊరంతా అవే పొదుగులు పంచుతుంది. పెయ్య ఎదకు వచ్చినప్పుడు గుంటూరు దగ్గరి లాం ఫారం నుంచో చదలవాడ పశుక్షేత్రం నుంచో వచ్చిన ఆబోతు వీర్యం వేయిస్తుంటే, ఆ ఆబోతు తల్లి పొదుగు ఎలాంటిదో అడిగి తెలుసుకోండి. ఆబోతుకు కూడా వృషణాల ముందు చిన్న చన్నులుంటాయి, ఊరి ఆబోతైతే వంగి వాటిని లెక్కపెట్టి మరీ చూడండి.