ఫోర్ట్ విల్డర్నెస్ రేటు పెరిగింది, అయినా తీసుకోవచ్చా?

పిల్లలతో అద్దె ఆర్వీలో (లోపలే పడుకునే వసతి ఉన్న పెద్ద బండి) ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌కి వెళ్తున్నాం, ఫోర్ట్ విల్డర్నెస్‌లో దిగొచ్చా అని అడిగారు. అది డిస్నీ వాళ్ల సొంత క్యాంప్‌గ్రౌండ్, అంటే ఆర్వీ నిలుపుకుని ఉండే చోటు. మీరు దాని అద్దెను బయటి క్యాంప్‌గ్రౌండ్ అద్దెతో నేరుగా పోల్చారు. లెక్క తేడా కొట్టింది అక్కడే. అద్దె ఆర్వీ తప్ప వేరే కారు లేదన్నారు కదా?

1. బయట దిగితే రోజూ పొద్దున్నే కరెంటు కేబుల్, నీళ్ల పైపు, మురుగు గొట్టం ఊడదీసి ఆర్వీలోనే పార్కుకి వెళ్లాలి. రాత్రి పిల్లలు నిద్రకి తూగుతుంటే మళ్లీ అన్నీ బిగించాలి. పార్కింగ్‌కీ కారు రేటు కాదు, పెద్ద బండి రేటు పడుతుంది. చాలామంది ఇదే వదిలేస్తారు. ఈ పార్కింగో, రోజూ ఊబర్ ఖర్చో బయటి అద్దెకు కలిపి అప్పుడు పోల్చండి.

2. లోపల దిగితే బండి కదపక్కర్లేదు. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి పడవ, మిగతా పార్కులకి బస్సు, రెండూ ఉచితం.

3. ఆర్వీ మరీ పొడవైనది కాకపోతే ప్రీమియం సైట్ (బండి నిలిపే పెద్ద జాగా) వద్దు, ఫుల్ హుకప్ సైట్ (కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు ఉన్నది) చాలు. ఒక్కో సైట్‌లో 10 మంది దాకా ఉండొచ్చు.

4. క్యాంప్‌గ్రౌండ్‌లో తిరగడానికి ఇచ్చే చిన్న బండి, గోల్ఫ్ కార్ట్, దాని అద్దె వేరే. లోపలే బస్సు తిరుగుతుంది, పిల్లలు మారాం చేసినా లొంగకండి.

5. సెలవులు, వారాంతాలు తప్పించి తేదీలు మార్చి చూడండి.

పార్కులకి ఒక్కరోజే వెళ్తారంటే మాత్రం బయటే దిగండి.