రందిని స్ట్రెస్ అని రాయకు

చిరంజీవి సౌమ్యకు,

నువ్వు పంపిన మూడు ఇంటర్వ్యూలూ రెండుసార్లు చదివాను. గల్ఫ్‌కు పోయినవాళ్ల భార్యలు ఆ జగిత్యాల పల్లెల్లో నీతో అంత మనసు విప్పి మాట్లాడారంటే సగం పని అయినట్టే. మిగతా సగంలోనే తొందరపడ్డావు.

"రాత్రయితే రంది పట్టుకుంటది" అంది ఒకావిడ. నువ్వు ముందే ఇంగ్లీషులోకి మార్చేసి, పక్కన 'స్ట్రెస్' అని కోడ్ (ఆ మాటల సారం చెప్పే చిన్న పేరు) పెట్టావు. రందిలో బెంగ ఉంది, ఎదురుచూపు ఉంది. ఇంకొకావిడ మిత్తి (వడ్డీ) కట్టలేక పడ్డ అవస్థకూ అదే కోడ్. ఈ రెండూ ఒకటెలా అవుతాయమ్మా? కోడింగు తెలుగులోనే చెయ్యి. థీసిస్‌లో వేసే మాటలు మాత్రం చివర్లో అనువదించుకో.

ఇక కోడ్‌లను కలిపి నువ్వు తేల్చిన థీమ్‌లు: అప్పులు, ఫోను, అత్తగారిల్లు. ఇవి నువ్వడిగిన ప్రశ్నల తలకట్లే. థీమ్‌లు వాటంతటవే బయటపడవని థీమాటిక్ అనాలిసిస్‌ను ఆరు దశల్లో వివరించిన బ్రాన్, క్లార్క్ 2006 వ్యాసంలోనే చెప్పారు. ఆ ఆరు దశలను బట్టీ పట్టినవాళ్లు కూడా ఈ మాట మర్చిపోతారు. థీమ్ ఏదో ఒక సంగతి చెప్పాలి. 'ఫోను' కింద పెట్టిన ఇంటర్వ్యూ ముక్కలు మళ్లీ చూడు. మేకనమ్మాలన్నా, పిల్లను కాలేజీలో వేయాలన్నా దుబాయ్ నుంచి మాట రావాలి. 'మనిషి లేని ఇంట్లో పెత్తనం ఫోనులో నడుస్తుంది' అను, అదీ థీమ్. వెంటనే దానికి ఎదురు తిరిగే ముక్క వెతుకు. మూడో ఆవిడ ఆయనకు చెప్పకుండా చిట్టీ కట్టింది కదా, దాన్ని పక్కకు నెట్టకు.

మీ గైడుగారు ఇంకొకరితో కోడ్ చేయించి కప్పా లెక్క (ఇద్దరి కోడ్‌లు ఎంత కలిశాయో చెప్పే అంకె) చూపమన్నారని రాశావు. మెథడాలజీలో నువ్వేమో రిఫ్లెక్సివ్ అని, అంటే పరిశోధకురాలి చూపు కూడా విశ్లేషణలో భాగమేనని, రాసుకున్నావు. ఒకే ఒరలో రెండు కత్తులు! 2019లో బ్రాన్, క్లార్క్ రాసిన వ్యాసం ఆయనకు చూపించు. రిఫ్లెక్సివ్ అన్నాక, మీ నాన్న మస్కట్‌లో ఉన్న సంగతి కూడా నీ నోటుబుక్కులోకి రావాలి.

కోడింగుకు వాడే ఎన్‌వివో సాఫ్ట్‌వేర్ లేదని దిగులొద్దు. నేను కత్తెరతో కాగితాలు కత్తిరించి నేలమీద పరిచేదాన్ని. ఒకసారి ఎవరో ఫ్యాను వేశారు, చీటీలన్నీ ఎగిరిపోయాయి. ఏది ఎవరి మాటో తేల్చడానికి వారం పట్టింది. ప్రతి ముక్క మీదా ఇంటర్వ్యూ నంబరు, పేజీ నంబరు వేసుకో.

ముందు ఆ మూడో ఆడియో మళ్లీ విను. చిట్టీ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ నవ్విందో, గొంతు తగ్గించిందో నువ్వు రాసిన కాగితంలో లేదు.

మీ మేడమ్