జీసీఎస్ 10టి అంటే పరిస్థితి దిగజారినట్టా?

మీ నాన్నగారి నోట్స్‌లో జీసీఎస్ 10టి అని చూసి అడిగారు. దిగజారినట్టు కాదు. జీసీఎస్ (గ్లాస్గో కోమా స్కేల్) అంటే కళ్లు, మాట, కదలిక చూసి స్పృహకు వేసే మార్కులు, మొత్తం 15కి. మీ నాన్నగారి గొంతుకు ట్రేకియాస్టమీ ట్యూబ్ (ఊపిరి కోసం గొంతులో రంధ్రం చేసి పెట్టే గొట్టం) ఉందని రాశారు కదా, 10 పక్కనున్న ‘టి’ ఆ ట్యూబే. అది ఉంటే మాటను పరీక్షించలేరు. అందుకని మాట మార్కులు వదిలేసి మిగతా రెండే (కళ్లు, కదలిక) కూడతారు. అలా కూడితే వచ్చే గరిష్ఠం 10. అంటే ఆయనకు పూర్తి మార్కులే వచ్చాయి! మీరు దాన్ని 15తో పోల్చి టెన్షన్ పడుతున్నారు. (కొన్నిచోట్ల మాటకు 1 కలుపుతారు, అక్కడ పూర్తి మార్కులు 11టి.)

చాలామంది మొత్తం చూసి ఆగిపోతారు. పక్కనే ఉండే విడి మార్కులు చూడండి:

1. ఈ - కళ్లు తెరవడం, 4కి.
2. వీ - మాట, 5కి.
3. ఎం - కదలిక, 6కి. అసలు చూడాల్సింది ఇదే. 6 అంటే ‘వేళ్లు చూపించండి’ అంటే చూపిస్తున్నారని. 5 అంటే చెప్తే చేయరు గానీ, నొక్కి నొప్పి పెడితే చెయ్యి అక్కడికి వెళ్తుంది.

మీరు రాసిన ‘రైట్ హెమిపరేసిస్’ అంటే కుడివైపు బలహీనత. అది ఉన్నా ఎం6 ఎలా వచ్చిందన్నారు: రెండు వైపుల్లో బాగా కదిలేదానికే మార్కు వేస్తారు.

జ్ఞాపకశక్తి, నడక గురించి ఈ స్కోరు ఏమీ చెప్పదు. వాటికి ఫిజియో, స్పీచ్ థెరపీ నోట్స్ అడగండి.

చెప్పిన పని చేసే మనిషి ఉన్నట్టుండి చేయడం మానేస్తే మాత్రం వెంటనే డాక్టర్‌కి చెప్పండి.