పద్యంలో ఒకటి ఎందుకు తగ్గింది?

ప్రశ్న: చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా రెట్టిస్తూ పోతే మొత్తం ఎన్నో చెప్పే పద్యం మా తాతగారికి నోటికి వచ్చు. ‘శర శశి షట్క చంద్ర’ అని మొదలవుతుంది. మా అబ్బాయి కంప్యూటర్‌లో 2⁶⁴ వేసి చూస్తే చివర 616 వచ్చింది. పద్యంలో 615. తప్పు ఎవరిది? ఇంత పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్యేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పు ఎవరిదీ కాదమ్మా. మీ అబ్బాయి లెక్కేసింది 65వ గడిలో పడాల్సిన గింజలు. అలాంటి గడే లేదు. పద్యం చెప్పేది 64 గడుల మొత్తం. మూడు గడులతో చూడండి: 1, 2, 4 కలిపితే 7. నాలుగో గడికి 8. ఎన్ని గడులైనా మొత్తం ఎప్పుడూ తర్వాతి గడి కన్నా ఒకటి తక్కువే.

తెలుగులో గణితం రాసిన పాతకాలపు కవి పావులూరి మల్లనదిగా చెప్పే ఆ చంపకమాలను కాగితం మీద కుడి నుంచి ఎడమకు అంకెలుగా రాయండి. శర అంటే మన్మథుడి బాణాలు, 5. శశి 1, షట్క 6, చంద్ర 1. ఇలా వెళ్తే ఆకాశం వచ్చినచోట సున్నా, కుంజర (ఏనుగు, దిగ్గజాలు ఎనిమిది) వచ్చినచోట 8, చివరి తుహినాంశుడు మళ్ళీ చంద్రుడే, 1. వచ్చేది 18446744073709551615. ఇందులో 4 నాలుగుసార్లు వస్తుంది. కవి నాలుగు పేర్లు వాడాడు: అబ్ధి (సముద్రం), వేద, పయోనిధి (ఇదీ సముద్రమే), పద్మజాస్య (బ్రహ్మ ముఖాలు). నాకు ఎన్నిసార్లు చదివినా ముచ్చటే.

ఇది ప్రధాన సంఖ్య కాదని పద్యంలో మొదటి మాటే చెప్పేస్తోంది. ఒకట్ల స్థానంలో 5 ఉందిగా! అంకెలన్నీ కూడితే 87, కాబట్టి 3తోనూ పోతుంది.

మిగతా పని వర్గాల భేదం సూత్రం, a² – b² = (a – b)(a + b), చూసుకుంటుంది. 2⁶⁴ – 1 అంటే (2³² – 1)(2³² + 1). మొదటి ముక్కను మళ్ళీ మళ్ళీ అలాగే విడగొడితే చివరికి 3, 5, 17, 257, 65537, 4294967297 మిగులుతాయి.

ఈ చివరిదాని దగ్గర నేనూ బోల్తా పడ్డాను. కాలేజీ రోజుల్లో ఒక వేసవి మధ్యాహ్నం 3 నుంచి 97 దాకా వరసగా భాగించి, ఏదీ పోక, ప్రధాన సంఖ్యే అని నోటుబుక్కులో రాసేసుకున్నాను. గణితవేత్త ఫెర్మా అంతటివాడూ అలాగే నమ్మాడని తర్వాత తెలిసి కాస్త ఊరట. 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త దీన్ని 641తో భాగించి చూపించాడు. దీని ప్రధాన కారణాంకాలను 64తో భాగిస్తే 1 మిగలాలని ఆయనే తర్వాత నిరూపించాడు. అది తెలిస్తే, అలాంటి ప్రధాన సంఖ్యలైన 193, 257, 449, 577 దాటగానే 641 దొరుకుతుంది, ఐదే భాగహారాలు! నేను పాతిక దాకా చేసి కూడా దాని దరిదాపులకు వెళ్ళలేదు.

641 × 6700417 మీ అబ్బాయితో చేతిలెక్కగా చేయించండి. ఇవి రెండూ ప్రధాన సంఖ్యలే. అంటే తాతగారి సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు, 128 భాజకాలు. దానికి ఒకటి కలిపిన మీ అబ్బాయి సంఖ్యకు మాత్రం ప్రధాన కారణాంకం ఒక్కటే, 2.