ఇంటర్లాకెన్‌లో మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మగారితో

బరంపురం నుంచి జూన్‌లో స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్ ఊరికి వెళ్తున్నారు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పి, అక్కడి మంచు కొండల మీది యుంగ్‌ఫ్రావ్‌యోక్ కనుమకు తీసుకెళ్ళాలా వద్దా అని కదా మీ టెన్షన్. నేనైతే వద్దంటాను. అది 3,454 మీటర్ల ఎత్తు; మన కోరాపుట్ దేవమాలి కొండ 1,672 మీటర్లే. పైన గాలి పల్చన, ఆయాసం వస్తుంది, టికెట్టూ చాలా ఖరీదు.

బదులుగా లౌటర్‌బ్రున్నెన్ లోయకు రైల్లో వెళ్ళండి, ఇరవై నిమిషాలే. దాదాపు 300 మీటర్లు నిట్టనిలువుగా దూకే స్టౌబాక్ జలపాతం ఊళ్ళో రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. ఎంతసేపు చూసినా తనివి తీరదు. అదే లోయలోని ట్రుమ్మెల్‌బాక్ జలపాతాల దగ్గర మాత్రం కొండ లోపల తడి మెట్లు, అమ్మగారికి కష్టం.

మర్నాడు ఇంటర్లాకెన్ పక్కనే ఉన్న బ్రియెంజ్ సరస్సులో పడవ ఎక్కండి. గీస్‌బాక్ రేవులో దిగితే 1879 నాటి కేబుల్ రైలు పైకి, జలపాతం దగ్గరికి చేరుస్తుంది. రైళ్ళు, బస్సులు, పడవలకు కలిపి ఇచ్చే స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే పడవకు వేరే టికెట్ అక్కర్లేదు. స్వెటర్, గొడుగు తప్పకుండా పెట్టుకోండి.