పాత పికప్‌కి ఎక్స్‌ట్రా పట్టీ వేయించే ముందు ఒకసారి బండి కిందకి దూరండి

మీరు అడిగింది ఇది: 2008 మోడల్ బొలెరో పికప్ ఉంది, ఇంటి దగ్గరే బాగు చేసుకుని, వెనక కమాన్లలో (బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టల్లో) ఒక ఎక్స్‌ట్రా పట్టీ వేయించి, ముందు ఎల్ఈడీ లైట్లు పెట్టించి ఇంకొన్నేళ్ళు వాడుకోవచ్చా, లేక అమ్మేయడం నయమా?

అమ్మకండి. బాగు చేసుకోండి, అది కూడా ఇంటి దగ్గరే. ఆ ఎక్స్‌ట్రా పట్టీ ఆలోచన మాత్రం మానుకోండి. లైట్ల సంగతి చివర్లో చెప్తాను.

2008 బండి అంటే 2523 సీసీ డీఐ ఇంజనే అయ్యుంటుంది. డీజిల్ పంపు మెకానికల్. కంప్యూటర్ లేదు, డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగితే ల్యాప్‌టాప్ తగిలించి వేలకు వేలు అడిగేవాళ్ళూ ఉండరు. స్టార్ట్ అవ్వకపోతే సగం కేసుల్లో డీజిల్ లైనులో గాలి పట్టి ఉంటుంది. ఫిల్టర్ దగ్గర గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొడుతూ బుడగలు పోయి డీజిల్ శుభ్రంగా వచ్చేదాకా ఆగి బిగిస్తే లేస్తుంది. మిగతా సగంలో బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజనుకీ ఛాసిస్‌కీ వెళ్ళే ఎర్త్ తీగ తుప్పు పట్టి ఉంటుంది. ఆ తీగ విప్పి, గీకి, మళ్ళీ బిగించకుండానే సెల్ఫ్ మోటారు మార్పించుకున్నవాళ్ళు మా మండలంలో ఎంతమందో. పాత బండికి రోగాలు తక్కువే, వైద్యులే ఎక్కువ.

ఇక పట్టీ గురించి. దీని కోసమే అసలు ఈ జవాబు రాస్తున్నాను.

మాది నూజివీడు వైపు, మామిడి తోట. మా పికప్ ఇటుకలు తోలిన ఒకాయన దగ్గర కొన్నది. ఇంజను బాగుంది, క్యాబిన్ బాగుంది, వెనక మాత్రం బండి ఎప్పుడూ కాస్త పైకి లేచి ఉండేది. “ఎంత లోడు వేసినా కుంగదండీ” అని ఆయన అదో గొప్పగా చెప్పాడు. చూడటానికి నిజంగానే దర్జాగా ఉండేది. ఖాళీగా వెళ్తే గతుకుల్లో నడుం విరిగేది, అది వేరే విషయం.

ఆ మే నెలలో కాయ విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్‌కి తోలుతున్నాం. అకాల వాన పడి ఆగిన సాయంత్రం, ఆగిరిపల్లి దాటాక ఒక పల్లంలో గేదెల మంద రోడ్డెక్కింది. బ్రేకు తొక్కాను. ముందు చక్రాలు పట్టేసి, తడి రోడ్డు మీద బండి జారుకుంటూ పోయింది. స్టీరింగు తిప్పుతున్నా నేరుగానే పోతోంది. వెనక నుంచి అంత బరువు తోస్తుంటే వెనక చక్రాలు ఆపుతున్నట్టే లేదు. గేదెలు తమ దారిన తాము మెల్లగా వెళ్ళిపోయాయి, ఆఖరి దానికి కాస్త ఇవతల ఆగాం. పక్కన కూర్చున్న కుర్రాడు విజయవాడ చేరేదాకా మాట్లాడలేదు.

వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. పేరు ఎందుకు లెండి. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయన్నారు, మార్చారు. అది నిజమే, అంతకు ముందు వేసినవి కూడా అలాగే త్వరగా అరిగాయి. ఎందుకు అరుగుతున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు. తర్వాత పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ అన్నారు, అదీ మార్చారు. బ్రేకు పెడల్ గట్టిగా అయింది గానీ లోడుతో ఉన్నప్పుడు పాత కథే. ఆ తర్వాత మన తొక్కుడికి బలం కలిపే బూస్టర్ అన్నారు. ఆ మాటతో బండి ఇంటికి తెచ్చేసుకున్నాను. “పాత బండి కదండీ, అంతకంటే ఆగదు” అనేది మెకానిక్కులకి భలే అక్కరకొచ్చే మాట. దాని తర్వాత ఎవరూ ఇంక ప్రశ్న అడగరు కదా!

అప్పుడు మా మేనమామ ఇంట్లో ఉన్నాడు. జీవితమంతా లారీ తోలినవాడు. నేను చెప్పిందంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు.

“ఒరే అల్లుడూ, లోడుతో తిప్పి తెచ్చాక చక్రాలు పట్టుకుని చూశావా?”

“లేదు మామయ్యా. ఎందుకు?”

“పద.”

లోడుతోనే ఊరి చుట్టూ ఒక రౌండు వేసి, కావాలనే బ్రేకులు తొక్కుతూ తెచ్చాం. మామయ్య చెంబుతో నీళ్ళు తెచ్చి, వేళ్ళతో ముందు డిస్కు మీద చిలకరించాడు. చుయ్‌మని ఆవిరి లేచింది. వెనక డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, ముందు దూరం నుంచి సెగ చూసుకుని, తర్వాత ఏకంగా అరచెయ్యి ఆనించి అలాగే ఉంచాడు. గోరువెచ్చగా కూడా లేదు. అంత బరువు వెనక చక్రాల మీద ఉంటే, ఆపే పనంతా ముందు చక్రాలు చేస్తున్నాయన్నమాట.

బండి కింద, వెనక ఆక్సిల్ నుంచి పైకి ఒక సన్నటి రాడ్ వెళ్తుంది. అది ఛాసిస్‌కి బిగించిన చిన్న బ్రేకు వాల్వుకి తగిలి ఉంటుంది. ఎల్ఎస్‌పీవీ అంటారు. మాది ఎర్రమట్టి పేరుకుపోయి అసలు కనపడనే లేదు, స్క్రూడ్రైవర్‌తో గీకితే బయటపడింది. దాని పని చాలా సింపుల్. లోడు వేస్తే కమాన్లు కుంగుతాయి, ఛాసిస్ ఆక్సిల్‌కి దగ్గరవుతుంది, ఆ రాడ్ వాల్వుని నొక్కుతుంది. అప్పుడు వెనక బ్రేకులకి ప్రెజర్ ఎక్కువ వెళ్తుంది. బండి ఖాళీగా ఉంటే ఛాసిస్ పైకి ఉంటుంది కాబట్టి వెనక ప్రెజర్ తగ్గిస్తుంది, లేకపోతే ఖాళీ బండికి వెనక చక్రాలు ఇట్టే లాక్ అవుతాయి.

ఇప్పుడు అర్థమైంది కదా. ఎంత లోడు వేసినా కుంగని బండి ఎప్పటికీ ఖాళీగా ఉన్నట్టే లెక్క, ఆ వాల్వు దృష్టిలో. మామయ్య కాయ దించేయించి, తోటలో పనివాళ్ళందరినీ బండి ఎక్కించాడు. నేను పక్కన నేల మీద పడుకుని, టార్చి వేసి ఆ రాడ్ వైపు చూస్తున్నాను. పైన అంతమంది ఎక్కి తొక్కుతుంటే వెంట్రుకవాసి కదలలేదు.

వెనక రెండు వైపులా అదనంగా పట్టీలు వేసి ఉన్నాయి. ఎక్స్‌ట్రా పట్టీ వేయిస్తే బ్రేకు తగ్గుతుందని ఏ కమాన్ల షాపులోనూ చెప్పరు. చెప్పరు ఏమిటి, అక్కడ చాలామందికి తెలియదని నా గట్టి నమ్మకం.

వాటిని ఇంటి దగ్గరే పీకాం. పట్టీల కట్టని ఆక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టుల నట్లకి ముందు రోజు రాత్రే వైరు బ్రష్ కొట్టి, డీజిల్ పోసి నానబెట్టాం. పొద్దున్నే ముందు చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టి, ఛాసిస్‌కి జాకీ పెట్టి లేపి, స్టాండ్ల మీద దించాం. ఆక్సిల్‌కి కింద ఇంకో జాకీ. ఇవి కాక స్టెప్నీ చక్రాన్ని ఛాసిస్ కిందకి తోశాడు మామయ్య. స్టాండు జారినా బండి చక్రం మీద పడుతుంది గానీ మన మీద పడదని. ఇటుకలు పేర్చి కింద దూరేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇటుక చెప్పి పగలదు.

రింగు పానాకి పైపు తొడిగి తిప్పితే మిగతా నట్లన్నీ వచ్చాయి, ఒకటి మాత్రం మొండికేసింది. దాన్ని కోసేశాం. ఎలాగూ యూ బోల్టులు కొత్తవే వేయాలి, ఒకసారి సాగిన వాటిని మళ్ళీ బిగించకూడదు. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్ట్ విప్పే ముందు పట్టీల కట్టకి పక్కన క్లాంపు బిగించడం మర్చిపోకండి. ఆ కట్ట ఒత్తిడితో ఉంటుంది, నట్టు ఊడగానే విచ్చుకుని మొహం మీదకి వస్తుంది.

బయటికి తీసి వేపచెట్టు కింద పరిస్తే తెలిసింది, అది పికప్ పట్టీయే కాదు. ఏదో లారీ పట్టీని గ్యాస్ కట్టర్‌తో కోసి వేశారు. అంచులు కరిగి గడ్డకట్టి ఉన్నాయి. మందం వేరు, వంపు వేరు. కింద పట్టీ మీద అది ఆనిన చోట మాత్రమే రుద్దుకుని తళతళలాడే గీత, మిగతాదంతా తుప్పు. బరువంతా ఆ ఒక్క గీత మీదే పడుతున్నట్టు. ఇంకో ఏడాది అలాగే తిప్పితే ఆ గీత దగ్గరే పట్టీ విరిగేదని నేను పందెం కాస్తాను.

పట్టీలు తీసేశాక పాత సెంటర్ బోల్ట్ పొడవెక్కువ అవుతుంది, సరైన సైజుది తెచ్చుకోవాలి. దాని తల ఆక్సిల్ సీటు రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే ఆక్సిల్ వంకరగా ఉండి టైర్లు తినేస్తుంది. యూ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించి, చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాక చేయాలి. కట్ట చివరని ఛాసిస్‌కి తగిలించే షాకిల్ బోల్టులు కూడా అంతే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్‌లు మెలిపడి త్వరగా పోతాయి. ఒక లోడు తోలి వచ్చాక మళ్ళీ ఒకసారి పానా వేసి చూసుకోవాలి.

తర్వాత వాల్వు రాడ్‌ని మాన్యువల్‌లో చెప్పినట్టు సర్ది, బ్రేకు ఆయిల్ మొత్తం మార్చాం. పాత ఆయిల్ మాడిపోయిన కాఫీ డికాషన్‌లా వచ్చింది. మాస్టర్ సిలిండర్ మార్చినవాళ్ళు ఆయిల్ మాత్రం పైపైన కలిపారన్నమాట. మర్నాడు లోడు వేసి మళ్ళీ అదే రౌండు కొట్టాం. ఈసారి వెనక డ్రమ్ము మీద మామయ్య చెయ్యి నిలవలేదు. బూస్టర్ అవసరమే రాలేదు.

“మరి అందరూ వేయిస్తారు కదండీ” అంటారు. వేయిస్తారు. ఆర్సీలో లాడెన్ వెయిట్ (లోడుతో కలిపి బరువు), అన్‌లాడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు) రెండూ రాసి ఉంటాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మీ బండి ఎంత మోయాలో తెలుస్తుంది. డ్రైవరూ పక్కవాడూ కూడా ఆ లెక్కలోనే. పట్టీ వేస్తే ఆ అంకె పెరగదు. ఛాసిస్, ఆక్సిల్, బేరింగులు, డ్రమ్ములు అన్నీ పాతవే ఉంటాయి కదా. పట్టీ వంగనంటే ఆ దెబ్బంతా పట్టీల కట్ట తగిలే హ్యాంగర్ దగ్గర ఛాసిస్ తింటుంది. అక్కడ పగులు వస్తే వెల్డింగ్ చేయిస్తారు, వెల్డింగ్ పక్కనే మళ్ళీ పగులుతుంది. అప్పుడు పాత బండి అన్న మాట మళ్ళీ వినాలి.

మీ బండి వెనక నిజంగానే కుంగిపోయి ఉంటే, పట్టీల వంపు పోయిందేమో చూడండి. అలా అయితే కంపెనీ సెట్టు రెండు వైపులా ఒకేసారి మార్చండి. ఆటోనగర్‌లో పాత పట్టీలకే మళ్ళీ వంపు పెట్టి ఇస్తారు, ఖర్చు తక్కువ. కానీ నేను చూసినంతలో ఒక సీజన్ దాటాక మళ్ళీ మొదటికే వస్తాయి.

ఇక లైట్లు. ఎల్ఈడీ బార్లు పెట్టించుకునేవాళ్ళు ఎదురొచ్చేవాడి కళ్ళలో సూదులు గుచ్చుతున్నారని ఎప్పటికి తెలుసుకుంటారో. ఫిట్‌నెస్ పరీక్ష రోజు పొద్దున ఊడదీయడం, సాయంత్రం మళ్ళీ తగిలించడం. ఎనిమిదేళ్ళు దాటిన ట్రాన్స్‌పోర్టు బండికి ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది కాబట్టి ఏటా ఇదే తంతు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సువాళ్ళు మొదట వెతికేది ఇలాంటివే.

మీ లైట్లు మసకగా ఉంటే తప్పు బల్బులది కాదు. కరెంటంతా స్టీరింగ్ దగ్గర స్విచ్చు గుండా తిరిగి వచ్చేసరికి సగం నీరసపడిపోతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి మందం తీగ లాగి, రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చులు) పెట్టి, స్విచ్చుతో ఆ రిలేలని మాత్రమే నడిపించండి. అదే 60/55 వాట్ల బల్బు ఎంత తెల్లగా వెలుగుతుందో మీరే చూస్తారు. ఆ పనికి ఒక మధ్యాహ్నం చాలు. వంద వాట్ల బల్బులు మాత్రం వేయకండి, హోల్డర్ కరిగిపోతుంది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. బండి కిందకి దూరి, నేను చెప్పిన రాడ్ అసలు ఉందో లేదో చూడండి. కొందరు ఆ వాల్వు పాడైతే కొత్తది ఖరీదని పీకేసి బ్రేకు పైపు నేరుగా కలిపేస్తారు. మీదీ అలా ఉంటే ఖాళీ బండితో తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కకండి, వెనక చక్రాలు ముందుగా లాక్ అయి బండి అడ్డం తిరుగుతుంది. ముందు కొత్త వాల్వు వేయించి, మిగతావి తర్వాత చూసుకోండి.