టెక్ సందేహాలు: గాబ్లిన్ మీద భారీ దెబ్బ దండగేనా?

ప్రశ్న: కావలిలో మేం ఐదుగురం ఆదివారాలు డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేసుకుని పాచికలతో ఆడే కథల ఆట) ఆడతాం, 2014 నాటి రూల్స్‌తో. నా పాత్ర ఐదో లెవెల్ ఫైటర్, అంటే యోధుడు. అటాక్ బోనస్ (దెబ్బ తగిలిందా అని చూసే ఇరవై ముఖాల పాచికకి కలిపేది) 7, పెద్ద కత్తి డ్యామేజ్ రెండు ఆరుముఖాల పాచికలు ప్లస్ 4. గ్రేట్ వెపన్ మాస్టర్ అనే ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) ఉంది: అటాక్‌లో 5 వదులుకుంటే డ్యామేజ్‌కి 10 కలుస్తుంది. శత్రువు ఆర్మర్ క్లాస్ (తగలాలంటే పాచిక, బోనస్ కలిపి అందుకోవాల్సిన అంకె) 17 దాకా ఉంటే వాడమని నా గూగుల్ షీట్ చెబుతోంది. అలాగే వాడుతున్నా గాబ్లిన్లు చావడం లేదు. షీట్‌లో తప్పుందా?

జవాబు: 17 లెక్క కరెక్టే. మీ మామూలు దెబ్బ సగటున 11, ఫీట్ వాడిన భారీ దెబ్బ 21. ఆర్మర్ క్లాస్ 17 అయితే మామూలుగా 55 శాతం తగులుతుంది, అంటే విసురుకి 6.05. భారీగా 30 శాతమే, అయినా 6.3. 18కి వెళ్తే 5.5, 5.25గా తిరగబడుతుంది. 20 పడితే వచ్చే క్రిటికల్ (డ్యామేజ్ పాచికలు రెట్టింపయ్యే దెబ్బ) రెండింటికీ ఒకేలా కలుస్తుంది కాబట్టి వదిలేశాను.

చిక్కు గాబ్లిన్ దగ్గరే. ఆ చిన్న రాక్షసుడి ఆర్మర్ క్లాస్ 15, హిట్ పాయింట్లు (ప్రాణబలం) 7. సగటు చూస్తే భారీ దెబ్బకి 8.4, మామూలుకి 7.15. కానీ ఏడు పాయింట్ల ప్రాణి మీద 21 కొడితే పద్నాలుగు నేలపాలే! మీ షీట్ ఆ నేలపాలైనదీ లాభంలోనే రాసుకుంటోంది. చంపే అవకాశం లెక్కేస్తే మామూలు దెబ్బకి సుమారు 63 శాతం, భారీ దెబ్బకి 40. పైగా శత్రువు పడిపోతే అదే ఫీట్ బోనస్ యాక్షన్‌గా, అంటే అదే వంతులో అదనంగా, ఇంకో దెబ్బ ఇస్తుంది, అదీ పోగొట్టుకుంటున్నారు. 59 పాయింట్ల ఓగర్ (భారీ రాక్షసుడు) ఎదురైతే మాత్రం మొహమాటపడొద్దు. దాని ఆర్మర్ క్లాస్ 11, మామూలుకి 9.35, భారీకి 12.6.

కాబట్టి షీట్‌లో 'మిగిలిన హిట్ పాయింట్లు' అని ఒక కాలమ్ పెట్టండి. పక్కనే ఆరు అడ్డం, ఆరు నిలువు గడులు గీసి రెండు పాచికల మొత్తాలు నింపండి. 36 గడుల్లో మీ డ్యామేజ్ బోనస్‌తో (మామూలుకి 4, భారీకి 14) కలిపి ఆ మిగిలిన హిట్ పాయింట్లని అందుకునేవి ఎన్నో షీట్‌లోని కౌంట్‌ఇఫ్ ఫార్ములా చెబుతుంది. ఆ లెక్కని 36తో భాగించండి. వచ్చినదాన్ని తగిలే శాతంతో గుణిస్తే చంపే అవకాశం వస్తుంది.

ఇంకొకటి. డ్యామేజ్ పాచికలకి మీరు షీట్‌లో ర్యాండ్‌బిట్వీన్ (రెండు అంకెల మధ్య ఏదో ఒకటి ఇచ్చే ఫార్ములా) 2 నుంచి 12 అని రాశారు. అది రెండు పాచికలతో సమానం కాదు. నిజం పాచికల్లో 7 ఆరు రకాలుగా పడుతుంది, 2 ఒక్క రకంగానే. మీ షీట్‌లో రెండిటికీ సమాన అవకాశం. 1 నుంచి 6 అని రెండుసార్లు రాసి కూడండి. షీట్‌లో ఏ గడి మార్చినా ఆ అంకెలు మళ్లీ మారిపోతాయి, ఆట మధ్యలో గొడవ పడకండి.

(2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌కి మారితే ఈ మైనస్ 5, ప్లస్ 10 బేరమే లేదు.)

ప్రశ్న: ఫోన్‌లో పాచికల యాప్ వరుసగా రెండుసార్లు 1 వేసింది. మోసమా? - ఒంగోలు పాఠకుడు

జవాబు: ఇరవై ముఖాల పాచిక రాత్రంతా 200 సార్లు విసిరితే, ఎక్కడో ఒకచోట వరుసగా రెండు 1లు పడే అవకాశం మూడో వంతుకు పైనే. నిజం పాచికలే కావాలంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. నెల్లూరు ట్రంక్ రోడ్డులో నేను అడిగితే లూడో డబ్బా చేతిలో పెట్టారు.